పసుపు బండి గేరుబాక్సు

జూన్ 4

బావా,

నేను బాగానే ఉన్నాను. చెవులు ఇంకో పిసరు తగ్గాయి, నోరు మాత్రం తగ్గలేదు. నా రాత కోడి గీసినట్టు ఉంటుందని నీకు తెలుసు. తిట్టుకోకుండా చదువు.

నిన్న ఆదివారం మన సంఘం పుట్టింది. నా షెడ్డులోనే. నువ్వు రాలేదు. ఆ సంగతి చివర్లో చెబుతాను, ముందు జరిగింది విను.

పొడుగు ముక్కు జపాను కార్లు ఈ చుట్టుపక్కల ఇంకా ఉన్నాయని నేనంటే నవ్వేవాడివి. వచ్చాయి చూడు. పళ్ళ డాక్టరు తెల్లది తెచ్చాడు. సీటు మాసిపోతుందని దుప్పటి, దుప్పటి మాసిపోతుందని దాని మీద తువ్వాలు. బేకరీ ఆయన నీలంది సందు మలుపులో ఆగిపోతే తోసుకుంటూ వచ్చాడు. తోసినవాళ్ళందరికీ బన్నులు పెట్టాడు. ఇంకొకణ్ణి మేం పైలటు అంటున్నాం. విమానం ఎక్కిన పాపాన పోలేదు గానీ, బండి దిగగానే కాలరు ఎగరేసి మబ్బులకేసి చూస్తాడు. ఇక నా ఎర్రది.

అధ్యక్షుడెవరని కాసేపు గొడవ. డాక్టరు తను చదువుకున్నవాణ్ణని మొదలెట్టాడు. "షెడ్డు నాది, జాకీ నాది, నువ్వు కూర్చున్న కుర్చీ కూడా నాదే. లే" అన్నాను. లేచాడు. అయిపోయింది ఎన్నిక.

తర్వాత నియమాలు. రంగు మార్చకూడదు, హారను మార్చకూడదు అని డాక్టరు ఏవేవో చదివాడు. నేను ఒక్కటే చెప్పాను. ఈ బండ్లకి కంపెనీ సామాను చెయ్యడం ఎప్పుడో మానేసింది. ఎక్కడా దొరకదు. కాబట్టి మనలో ఎవరి బండి కదలకుండా మూలపడినా, దాని ఒంట్లో ఉన్న సామాను కదిలే బండ్లకి ఇచ్చెయ్యాలి. కదలని బండి బండి కాదు, సామాను. దాని దగ్గర కూర్చుని ఏడుపులు వద్దు. పైలటు చప్పట్లు కొట్టాడు. బేకరీ ఆయన మొహం మాడిపోయింది. అయినా అందరూ సంతకాలు పెట్టారు. నీ కాగితం ఇందులో పెట్టాను. సంతకం చేసి తిప్పి పంపు.

సెప్టెంబరు మొదటి ఆదివారం అందరం వరసగా సముద్రం దాకా వెళ్తున్నాం. ముందు నా ఎర్రది, దాని వెనకే మీ పసుపుది. ఇందులో మారుమాట లేదు.

ఇక నీ సంగతి. తుక్కు కొట్టులో పడున్న రెండు బండ్లు తెచ్చి, దాని కాలు దీనికీ దీని చెయ్యి దానికీ అతికించి నిలబెట్టాను. ఎర్రది నేను ఉంచుకున్నాను, పసుపుది పిచ్చుకకి ఇచ్చాను. నీకు కాదు బావా, నా చెల్లెలికి. ఆడపిల్ల కారు తోలడమేమిటని వీధి వీధంతా అరుగుల మీద కూర్చుని చూస్తుంటే దానికి నేర్పాను. కళ్ళు రోడ్డు మీద, చెవి ఇంజను మీద. బండి ఏడిస్తే కింది గేరు, అరిస్తే పై గేరు. అంతే పాఠం. అది నా కంటే బాగా తోలింది. ఇప్పుడు ఆ ఏడుపు నాకు వినబడదు. గేరు రాడ్డు మీద అరచెయ్యి ఆనించి, వణుకుని బట్టి తోలుతున్నాను.

అలాంటిదాన్ని నువ్వు సంఘానికి తీసుకురాలేదు. అది రానందా, నువ్వు తేనన్నావా? ఉత్తరం చివర ఒక ముక్క రాసేది, అదీ మానేసింది. అన్న ముసలాడైతే పనికిరాడా అని అడుగు.

ఇట్లు, సంఘం అధ్యక్షుడు, నీ బావ


జూన్ 15

బావగారికి నమస్కారం.

సంఘం పెట్టినందుకు సంతోషం. డాక్టరుగారిని కుర్చీలోంచి లేపిన ముక్క మీ చెల్లెలికి చదివి వినిపించాను. నవ్వింది. ఆవిడకి కుడిచెయ్యి నొప్పిగా ఉంటోంది, అందుకే రాయడం లేదు. వేరే ఏమీ లేదు.

ఆ రోజు రాలేకపోయినందుకు మన్నించండి. పసుపు బండి ఈ మధ్య కదలడం లేదు. చిన్న రిపేరే. ఎవరినైనా పిలిచి చూపిస్తాను. మీరు రావలసినంత పని కాదు. ఇంటికి రంగులు కూడా వేయిస్తున్నాం, మనిషి కూర్చునే చోటు లేదు. కాబట్టి ఇప్పుడప్పుడే ప్రయాణం పెట్టుకోకండి.

మీరు పంపిన కాగితం మీద సంతకం చేసి పంపుతున్నాను.

నేను గుమాస్తాగా చేసిన గోదాము మూతపడ్డాక వెనక పెరడంతా ఖాళీగా ఉంది. పాత కాపలాదారు గేటు తాళం నాకే ఇచ్చిపోయాడు. పొద్దున్నే అక్కడ కాసేపు తిరుగుతున్నాం. నేలంతా ఇప్పటికీ పంచదార వాసనే.

మీ చెవులకి డాక్టరును మార్చి చూడకూడదా?

మీ బావ


జూన్ 28

బావా,

చెవుల సంగతి వదిలెయ్. జీవితమంతా బస్సు డిపోలో లేతు మిషను పక్కన నిలబడ్డవాడికి చెవులు ఉంటే ఆశ్చర్యపడాలి.

నా ఎర్రదానికి గేరుబాక్సు పోయింది. నిన్న పైలటుని పక్కన కూర్చోబెట్టుకుని మిట్ట ఎక్కించాను. సగంలో అరచేతికి ఒక దెబ్బ తగిలింది, లోపలెవరో రాయితో కొట్టినట్టు. విప్పితే లోపల పళ్ళు ముక్కలు ముక్కలు. పైలటు అంటాడూ, "మేస్త్రిగారూ, మిట్ట కింద నుంచే ఏడుస్తోందండీ బండి, మీకు వినబడుతోందేమో అనుకున్నాను." నోరు ఎందుకు పెట్టుకున్నావురా అంటే, అధ్యక్షుడికి చెప్పడమెలా అని ఊరుకున్నాడట.

ఆ పళ్ళు కొత్తవి కోసే మిషను మన దగ్గర లేదు. తుక్కు కొట్లన్నీ గాలించాను. ఇక మిగిలింది నీ దగ్గరున్న పసుపుది. కదలడం లేదని నువ్వే రాశావు. కాగితం మీద సంతకమూ నువ్వే పెట్టావు. గేరుబాక్సు విప్పించి లారీ పార్సిలులో వేయించు. ఊడదీసేటప్పుడు ముందు నూనె వంపమను, బెజ్జాల్లో గుడ్డలు కుక్కమను.

పిచ్చుక ఏమీ అనుకోదు. నా బండి ముందు నడవకపోతే దానికే నామోషీ. ఒకమాట అడిగి చూడు, "పట్టుకుపొమ్మను" అంటుంది. కావాలంటే సముద్రానికి మీ ఇద్దరినీ ఎర్రదాంట్లోనే ఎక్కించుకుంటాను. సీట్లు రెండే కదా అంటావేమో, నిన్ను డిక్కీలో వేస్తాను.

నీ బావ


జూలై 9

బావగారికి నమస్కారం.

మీ ఉత్తరం రెండు మూడు సార్లు చదివాను.

గేరుబాక్సు తప్ప ఇంకేదైనా అడగండి. ముందు అద్దం ఇస్తాను, దీపాలు ఇస్తాను, చక్రాలు కావాలన్నా ఇస్తాను. అది మాత్రం వద్దు. ఆ బండి లేకపోతే మా ఇంట్లో రోజు గడవదు. ఎలా చెప్పాలో తెలియక ఇలా రాస్తున్నాను. ఇంతకంటే అడగకండి.

ఊళ్ళో ఒకాయనకి పాత మిషన్ల వ్యాపారం ఉంది, ఆయన ద్వారా ఎక్కడైనా దొరుకుతుందేమో కనుక్కుంటున్నాను. కాస్త ఓపిక పట్టండి. సెప్టెంబరు కాకపోతే వచ్చే ఏడు వెళ్ళొచ్చు సముద్రానికి. అదెక్కడికీ పోదు.

మీ చెల్లెలు మిమ్మల్ని రోజూ తలుచుకుంటుంది. ఇది మాత్రం అక్షరాలా నిజం.

మీ బావ


జూలై 20

బావా,

కదలని బండి లేకపోతే ఇంట్లో రోజు గడవదా? అందులో కోళ్ళు పెట్టావా?

అందరినీ కూర్చోబెట్టి నీ ఉత్తరం చదివి వినిపించాను. డాక్టరు పెదవి విరిచాడు. బేకరీ ఆయన, "పోనీలెండి, ఆయన సొంత బండి" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. నియమం పెట్టింది నేను. మొదటిసారి అది నా ఇంటి మనిషి దగ్గరికే వచ్చింది. ఇప్పుడు పోనీలే అంటే రేపు ఒక్కడు వింటాడా? సంఘం ఇంకా పాలుతాగే పిల్ల. దాని పీక నా బావే నులిమాడని చెప్పుకోవాలా?

నీ గుణం నాకు తెలుసు. గోదాములో గోనె చిరిగితే ఆ చిరుగు కూడా దాచుకునేవాడివి. వస్తువు వాడవు, ఎవరినీ వాడనివ్వవు. దాన్ని చూస్తూ కూర్చుంటావు. నేను పిచ్చుకకి ఇచ్చింది చూస్తూ కూర్చోడానికి కాదు.

వచ్చే వారం పైలటు వ్యాను వేసుకుని వస్తాడు, వెంట మెకానిక్కు ఉంటాడు. గేటు తియ్యి. వాళ్ళు ఖాళీగా తిరిగొస్తే నేనే వస్తాను. వచ్చి నా చెల్లెలినే అడుగుతాను, నీతో నాకు మాటల్లేవు.

బావ


ఆగస్టు 5

ఏమయ్యా,

గేరుబాక్సు చేరింది. గేరు రాడ్డుతో సహా పంపావు. థాంక్స్ చెప్పేవాణ్ణే, విప్పకముందు అయితే.

మూలపడ్డ బండి గేరుబాక్సు ఎలా ఉంటుందో నాకు చెప్పక్కర్లేదు. నూనె జిగురై, కాటుకలా అంటుకుని ఉంటుంది. ఇందులో నూనె ఈ మధ్యే పోసింది. ఒకటో గేరు పళ్ళూ రెండో గేరు పళ్ళూ రోజూ తోమినట్టు తళతళలాడుతున్నాయి. ఇది నిన్నమొన్నటి దాకా రోజూ నడిచిన బండి.

అంటే కదలడం లేదన్నది అబద్ధం. మా షెడ్డుకి రావడం నామోషీ అనిపించింది, అంతేనా? లేతు మేస్త్రీ, బేకరీవాడూ కలిసి పెట్టిన సంఘం నీ స్థాయికి తక్కువైంది. అది మొహం మీదే అనొచ్చు కదా. ఆడే బండిని ఆడదని చెప్పి, పెరట్లో నత్తలా ఒకటిలో రెండులో తిప్పుకుంటున్నావు. నేను చెల్లెలికి నేర్పింది ఆ తోలుడు కాదు.

పైలటు చెప్పాడు, పిచ్చుక బయటికే రాలేదట. నువ్వు టీ కూడా ఇవ్వలేదట, గేటు పట్టుకుని నిలబడ్డావట. కోపంతో నిలబడ్డావో భయంతో నిలబడ్డావో నీకే తెలియాలి.

రేపు దీన్ని ఎర్రదానికి ఎక్కిస్తాను. పిచ్చుకతో చెప్పు, దానికీ నాకూ మధ్య గొడవేమీ లేదు. నీకూ నాకూ మధ్య మాత్రం ఇక ఏమీ లేదు.


ఆగస్టు 16

బావగారికి,

మీరు రాసిన దాంట్లో ఒక్కటి నిజం. బండి కదలడం లేదన్నది అబద్ధం. మిగతాది ఇప్పుడు రాస్తున్నాను. ఇంక దాచి ఉపయోగం లేదు.

మీ చెల్లెలికి మతి పోతోంది బావగారూ. ఏడాది దాటింది. మొదట తాళాలు, తర్వాత వీధి, తర్వాత నా పేరు. ఇప్పుడు నన్ను "ఏమండీ గుమాస్తాగారూ" అంటుంది. మర్యాదగానే మాట్లాడుతుంది. పొద్దున్న లేచిన దగ్గర్నుంచి గుమ్మం దగ్గర నిలబడి, అన్నయ్య ఇంటికి వెళ్ళాలి, బండి తియ్యండి అంటుంది. అన్నం పెట్టనివ్వదు, తల దువ్వనివ్వదు. బండిలో కూర్చోబెడితే మాత్రం నెమ్మదిస్తుంది. గోదాము పెరట్లో చుట్లు తిప్పేవాణ్ణి. గేరు రాడ్డు మీద నా చెయ్యి, నా చెయ్యి మీద ఆవిడ చెయ్యి. నాకు గేర్లు ఎప్పుడూ సరిగా రావు, మీకు తెలుసు. "ఏడుస్తోంది, కిందికి వెయ్యండి" అనేది. ఎన్నో మరిచిపోయింది గానీ అది మరిచిపోలేదు. అలా తిరిగాక, "అన్నయ్య ఇల్లు వచ్చేసింది" అని తనే దిగి, మా ఇంట్లోకే వచ్చి, బుద్ధిగా అన్నం తినేది. మీరు అడిగిన గేరుబాక్సు అదీ.

తెలిసిన కొత్తలో, తెలివి ఉండగానే నా చేత ఒట్టు వేయించుకుంది. "అన్నయ్యకి చెప్పకండి. పాడైనదేది కనబడినా విప్పి చూడందే ఊరుకోడు. నన్ను విప్పలేడు, ఏడుస్తాడు. అది నేను చూడలేను" అంది. సంఘానికి రమ్మని మీరు పిలిచినప్పుడు, బండి కదలదంటే ఊరుకుంటారనుకున్నాను. సంతకం పెట్టకపోతే ఎందుకని అడుగుతారని పెట్టాను. ఆవిడ బండిని మీరు విప్పమంటారని నాకు కలలో కూడా తోచలేదు. కదలనిది సామాను, ఏడుపులు వద్దు అని మీరు రాశారు. ఆవిడ గురించి రాసిన మాట కాదని తెలుసు. అయినా అది చదివాక, చెబుదామన్న నోరు పడిపోయింది.

మీరే వస్తానన్నారు. ఆవిడకిచ్చిన మాటో గేరుబాక్సో, ఏదో ఒకటి పోవాలి. గేరుబాక్సే పోనీ అనుకున్నాను. తప్పు లెక్క వేశాను.

అది పట్టుకెళ్ళిన మర్నాడు పొద్దున్న బండిలో కూర్చుంది. రాడ్డు ఉండే చోట బెజ్జానికి పాత పేపరు కప్పాను. చేత్తో వెతికింది. పేపరు తీసి లోపలికి చెయ్యి పెట్టి వెతికింది. అరవలేదు. నా వైపు చూసి, "బండి చచ్చిపోయిందండీ" అంది. నేను పాలు పొయ్యి మీంచి దించుతుంటే గేటు తీసుకుని వెళ్ళిపోయింది. సాయంత్రానికి లారీలు ఆగే చోట దొరికింది, ఒక కాలికే చెప్పు ఉంది. అప్పట్నుంచి గుమ్మం దగ్గర నిలబడడం లేదు. మంచం మీద గోడకేసి తిరిగి ఉంటోంది. అంతకు ముందు దాకా మీ ఫోటో చూపిస్తే "అన్నయ్య" అనేది. ఇప్పుడు ఫోటో తీసుకుని, తిప్పి చూసి, నాకే ఇచ్చేస్తోంది.

మిమ్మల్ని ఏమీ అనను. అనే ఓపిక లేదు. ఆవిడ ఒట్టు నేను తప్పాను, అదొక్కటి ఆవిడకి తెలియకుండా ఉంటే చాలు.

మీ బావ


సెప్టెంబరు 2

బావా,

మొన్న గేరుబాక్సు తిరిగి బిగించడానికి మీ ఇంటికి వచ్చినప్పుడు, మందుల కొట్టు నుంచి నువ్వు వచ్చేసరికి నేను లేను. చెప్పకుండా పోయాడు, ముసలాడి పొగరు ఎక్కడికీ పోదు అనుకుని ఉంటావు. పక్కింటావిడ వచ్చి కూర్చున్నాకే కదిలాను. పిచ్చుకని ఒంటరిగా వదల్లేదు. నువ్వు లేనప్పుడు ఏం జరిగిందో రాస్తాను. రాస్తే గానీ చెయ్యి ఊరుకునేట్టు లేదు.

ముందు సంఘం సంగతి. ఇవాళ వాళ్ళు సముద్రానికి వెళ్ళారు. తెల్లది, నీలంది, వెనక పైలటు. నా షెడ్డు ముందు ఆగి హారన్లు కొట్టారట, పైలటు లోపలికొచ్చి చెబితే తెలిసింది. "మీరు నా పక్కన కూర్చోండి మేస్త్రిగారూ" అన్నాడు. పొమ్మన్నాను. నీ గేరుబాక్సు ఎర్రదాంట్లోంచి దించి మీ ఇంటికి తెచ్చినప్పుడే ఎర్రది సామానైపోయింది. డాక్టరు ముందు అద్దం కావాలన్నాడు, ఇచ్చాను. బేకరీ ఆయనకి ముందు చక్రాలు. ఆయన విప్పుతూ కళ్ళు తుడుచుకుంటుంటే, ఏడుపులు వద్దని కాగితం మీద ఉందయ్యా అన్నాను. ఇప్పుడది ఇటుకల మీద ఉంది. నియమం నాది, నేను తప్పను.

ఇక ఆ రోజు. గేరుబాక్సు బిగించడం రాత్రికే చాలా వరకు అయింది. నువ్వు చెప్పినట్టే నేను దాని ఎదుట పడలేదు. పొద్దున్న నువ్వు మందులకి వెళ్ళావు. నేను బండి కింద పడుకుని ఆఖరి బోల్టులు బిగిస్తున్నాను. పాదాలు కనబడ్డాయి. మడమ మీద మచ్చ. చిన్నప్పుడు నా సైకిలు చక్రంలో కాలు పెట్టుకున్నప్పటిది. మంచం దిగి దానంతట అదే వచ్చింది బావా. గోడకేసి తిరిగిన మనిషి స్పానరు చప్పుడుకి లేచొచ్చింది.

బయటికి జరిగి కూర్చున్నాను. మొహమంతా నూనె. నా దగ్గరగా వంగి చూసింది. నా వైపు అంత తీరిగ్గా ఎవరూ చూసి చాలా కాలమైంది. అంతా చూసి, నా చెవి దగ్గర నోరు పెట్టి అరిచింది, చెవిటివాడినని ఎలా తెలుసుకుందో.

"ఏం మేస్త్రీ, ఎంతసేపు? నేను మా అన్నయ్య ఇంటికి వెళ్ళాలి."

"అయిపోయిందమ్మా" అన్నాను.

"మా అన్నయ్య అయితే ఈపాటికి చేసి పారేసేవాడు. నీకు పని రాదు."

"రాదమ్మా" అన్నాను.

రెక్క పట్టుకుని కూర్చోబెట్టి, పెరట్లో తిప్పాను. రాడ్డు మీద నా చెయ్యి, నా చెయ్యి మీద దాని చెయ్యి. అంత బరువు లేదు, ఎండుటాకు పడ్డట్టుంది. గోదాము మూల తిరిగేచోట వణుకు పట్టుకుందామని చూశాను. నా చెయ్యే వణుకుతుంటే బండి వణుకు ఎలా తెలుస్తుంది? అది నా చెయ్యి మీద ఒక్కటి కొట్టింది. "ఏడుస్తోంది మేస్త్రీ, వినబడటం లేదా? కిందికి వెయ్యి!" వేశాను. "నీకెవరు నేర్పారో గానీ" అని తల కొట్టుకుంది.

నేనేరా పిచ్చుకా, మీ అన్నయ్యని, అని అందామని నోటి దాకా వచ్చింది. అనలేదు. అంటే, ఎక్కడో ఉన్న ఆ అన్నయ్య కూడా దానికి పోతాడు. ఈ నూనె మొహం ముసలాడు మిగులుతాడు. దానికది ఏం లాభం?

మీ గుమ్మం ముందు ఆపాను. నువ్వు రాసినట్టు, అన్నయ్య ఇల్లు వచ్చేసిందని దిగుతుందేమోనని చూశాను. దిగలేదు. "ఇది కాదు" అంది. మళ్ళీ తిప్పాను. మళ్ళీ "ఇది కాదు" అంది. పెట్రోలు అయ్యేదాకా తిప్పాను. ఎక్కడ ఆపినా అది అన్నయ్య ఇల్లు కాలేదు. చివరికి అలిసిపోయి దిగి, పక్కింటావిడతో, "మేస్త్రికి టీ ఇచ్చి పంపెయ్యండి, పాపం, పెద్దాయన" అంది.

టీ తాగాను. బాగుంది. గ్లాసు కడిగి గట్టు మీద పెట్టాను.

పెట్రోలు పోసి ఉంచు. రెండో గేరు కొంచెం గట్టిగా పడుతుంది, క్లచ్చి పూర్తిగా తొక్కు. అది ఏడుస్తోందంటే వెంటనే కిందికి వెయ్యి, ఎదురు చెప్పకు. బండి గురించి దానికే బాగా తెలుసు.

ఉండమని నువ్వు అడుగుతావని తెలిసే ఆగలేదు. పనైపోయాక మేస్త్రికి ఆ ఇంట్లో ఏం పని?

బావ